రాడ్లు కాలిన లెక్క ముందే చెప్పించండి

మంచిర్యాల జిల్లా కలెక్టర్ గారికి,



ఏటా పదో తరగతి ఫలితాలు వచ్చిన తర్వాత మా ఇంటికి వచ్చిపోయేవాళ్లు ఎక్కువవుతారు. నస్పూర్, శ్రీరాంపూర్ కాలనీల నుంచి, ఒక్కోసారి చెన్నూరు, జన్నారం నుంచి కూడా తండ్రో మేనమామో పిల్లవాణ్ని వెంటబెట్టుకొని వస్తారు. "పెద్దయ్యా, వీన్ని వెల్డింగ్‌ల వేద్దామనుకుంటున్నం. ఏ ఐటీఐ మంచిది?" అని అడుగుతారు. పవర్ ప్లాంట్లలో బాయిలర్ ట్యూబులు అతుకుతూ బతికినవాణ్ని కాబట్టి నన్ను అడగడం సబబే. కానీ నేను చెప్పగలిగింది నా పని గురించి మాత్రమే. ఏ ఐటీఐలో ఎన్ని మెషీన్లు పనిచేస్తున్నాయో, పిల్లల చేతికి వెల్డింగ్ రాడ్లు ఎన్ని ఇస్తున్నారో నాకు తెలియదు, ఆ తండ్రికీ తెలియదు. తెలుసుకునే వీలు ఎవరికీ లేదు. ఆ వీలు కల్పించమని అడగడానికే ఈ లేఖ.

ముందుగా ఒక మాట. మన దగ్గర వెల్డింగ్‌కు పంపేది ఎక్కువగా మార్కులు రాని పిల్లలనే. "సదువు అబ్బలేదు, ఏదో ఒక పని నేర్చుకుంటడు" అంటారు, పిల్లవాడి ముందే. ఆ మాట విన్న పిల్లవాడు ఐటీఐలో మొదటి రోజే తల దించుకొని అడుగుపెడతాడు. నేను చూసిన మంచి వెల్డర్లు లెక్కలు వచ్చినవాళ్లు. పైపు అంచును ఎంత కోణంలో చెక్కాలి, రెండు పైపుల మధ్య రెండు మిల్లీమీటర్లు వదలాలా మూడా, 2.5 ఎంఎం రాడ్‌కు కరెంటు ఎంత, 3.15కు ఎంత, ఇదంతా లెక్కే. డ్రాయింగ్ చదవలేనివాడికి ఎంత మంచి చేయి ఉన్నా హెల్పర్ కూలీ దాటడం కష్టం. కాబట్టి ఇది చదువు రానివాళ్ల కోసం మిగిలిన పని కాదు. స్థిరమైన చేయి, మంచి కంటిచూపు, ఓపిక, కాస్త లెక్కలు ఉన్న పిల్లలు కోరి ఎంచుకోవలసిన పని.

మన చుట్టూ ఈ పనికి కొదవ లేదు. జైపూర్‌లో సింగరేణి వారి 1,200 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. గోదావరి దాటితే రామగుండంలో ఎన్టీపీసీ పాత కేంద్రం 2,600 మెగావాట్లు, పక్కనే తెలంగాణ ప్రాజెక్టు రెండు యూనిట్లు 1,600 మెగావాట్లు. అక్కడే యూరియా ఫ్యాక్టరీ. బసంత్‌నగర్‌లో సిమెంటు, కాగజ్‌నగర్‌లో పేపరు మిల్లు. శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ఏరియాల్లో గనులు, వర్క్‌షాపులు, ఓపెన్‌కాస్టు యంత్రాల బకెట్లు. వీటిలో ఏ ఒక్కటీ వెల్డర్ లేకుండా నెల గడవదు. అయినా నేను పనిచేసిన షట్‌డౌన్లలో, అంటే మరమ్మతు కోసం ప్లాంటు ఆపిన రోజుల్లో, సాధారణ వెల్డర్లు మనవాళ్లు ఉండేవాళ్లు కానీ, హైప్రెషర్ వెల్డర్లలో ఎక్కువమంది బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే. రోజు కూలిలో కూడా ఆ రెండింటికీ పొంతన ఉండేది కాదు. మన పిల్లల తెలివి తక్కువై కాదు. వాళ్లకు నేర్చుకునే వయసులో చేతికి తగినంత పని దొరకలేదు, అంతే.

హైప్రెషర్ పని అంటే ఏమిటో ఒకసారి చెప్పాలి, ఎందుకంటే ఐటీఐ గేటు దగ్గర నిలబడిన తండ్రికి అది కనిపించదు. బాయిలర్ లోపల ట్యూబులు వేళ్లు దూరనంత దగ్గరగా వరుసలు కట్టి ఉంటాయి. ఒక ట్యూబు చిల్లిపడితే యూనిట్ ఆగిపోతుంది. "ట్యూబ్ లీకేజీతో నిలిచిన విద్యుదుత్పత్తి" అని పేపర్లో మీరూ చదివే ఉంటారు. చల్లబడీ చల్లబడక ముందే మమ్మల్ని లోపలికి పంపుతారు. చెడిపోయిన ముక్క కోసి, కొత్త ముక్క పెట్టి, చుట్టూ అతకాలి. ముందువైపు సరే, వెనకవైపు తల పట్టదు, కన్ను చేరదు. అప్పుడు వెనక ఒక చిన్న అద్దం పెట్టుకొని, అందులో చూస్తూ వెల్డింగ్ చేయాలి. అద్దంలో కుడి ఎడమవుతుంది. కన్ను ఒకవైపు పొమ్మంటుంటే చేయి రెండోవైపు పోవాలి. ఒక చేతిలో టార్చి, రెండో చేతిలో ఫిల్లర్ వైరు, చేయి ఆనించుకోవడానికి చోటు ఉండదు, చెమట కంట్లో పడుతుంది. కరిగిన లోహం మధ్య తాళంచెవి రంధ్రమంత వెలుగు కనబడుతుంది. అది పెద్దదైతే లోపలికి కారిపోతుంది, మూసుకుపోతే రూట్, అంటే అతుకు అడుగు పొర, అందదు. ఆ వెలుగును అదే సైజులో నిలబెడుతూ చుట్టు తిరిగి రావాలి. తర్వాత ఎక్స్‌రే తీస్తారు. ఫిల్ములో నల్లటి చుక్క కనబడితే కోసి మళ్లీ మొదలుపెట్టాలి.

ఈ చేయి పుస్తకంతో రాదు. మన ఇండ్లల్ల జొన్నరొట్టె కొట్టే చేయి ఎట్ల వస్తదో అట్లనే వస్తుంది. ఎన్ని విరిగాయో లెక్కలేకుండా కొట్టిన తర్వాతే రొట్టె గుండ్రంగా తిరుగుతుంది. వెల్డింగ్‌లో ఆ లెక్కకు మా మాట "రాడ్లు కాల్చడం". ఎన్నేళ్లు చదివావని మేం ఎవరినీ అడగం, ఎన్ని రాడ్లు కాల్చావని అడుగుతాం.

ఇప్పుడు ఐటీఐ సంగతి. వెల్డర్ ట్రేడ్ ఒక ఏడాది. ఎనిమిదో తరగతి పాసైతే చాలు, చేరవచ్చు. కేంద్ర శిక్షణ విభాగం 2022లో సవరించిన సిలబస్ ప్రకారం ఏడాదికి 1,200 గంటలు. అందులో 840 గంటలు చేతిపనికి, 240 గంటలు థియరీకి, మిగతా 120 ఉద్యోగ నైపుణ్యాలకు. ఇవి కాక 150 గంటలు ఏదైనా పరిశ్రమలో పని. కాగితం మీద ఇది మంచి సిలబస్. గ్యాస్ కటింగ్, మామూలు ఆర్క్ వెల్డింగ్, సీఓటూ, ఆర్గాన్ అన్నీ ఉన్నాయి. ఒక్క యూనిట్‌లో 20 మంది పిల్లలు.

అసలు లెక్క ఇక్కడే మొదలవుతుంది. 20 మందికి వెల్డింగ్ బూత్‌లు అయిదే పనిచేస్తున్నాయనుకుందాం. ఒక్కో బూత్‌కు నలుగురు. 840 గంటలు నలుగురికి పంచితే ఒక్కొక్కడికి 210 గంటలు. అందులో ప్లేటు కోసుకోవడం, అంచు గ్రైండింగ్, టాక్ కొట్టడం, స్లాగ్ కొట్టి బ్రష్ చేయడం పోను ఆర్క్ నిజంగా వెలిగే సమయం సగం ఉంటే గొప్ప. కరెంటు లేని రోజు, రాడ్ల డబ్బా అయిపోయి ఇండెంట్ పెట్టిన వారం, సారు ఎన్నికల డ్యూటీకి పోయిన నెల తీసేస్తే ఇంకేం మిగులుతుంది? అదే సర్టిఫికెట్, అదే సిలబస్, అదే ట్రేడ్ పరీక్ష. కానీ పది బూత్‌లు పనిచేసే చోట చేరిన పిల్లవాడు దీనికి రెట్టింపు రాడ్లు కాల్చి బయటికి వస్తాడు. ఈ తేడా ప్రాస్పెక్టస్‌లో ఉండదు, అడ్మిషన్ వెబ్‌సైటులో ఉండదు. ర్యాంకు, రిజర్వేషన్, ఇంటికి ఎంత దూరం, ఈ మూడూ చూసి ఆప్షన్ పెట్టేస్తున్నారు.

నన్ను అడిగినవాళ్లకు నేను ఒకే ఉపాయం చెప్తాను. వర్క్‌షాపులోకి పోనిస్తే మెషీన్లు చూడకండి, స్క్రాప్ డబ్బా చూడండి. మెషీన్లు కొత్తవే ఉండవచ్చు, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా ఉండవచ్చు. స్క్రాప్ డబ్బా అబద్ధం ఆడలేదు. అందులో కాలిపోయిన రాడ్ల తోకలు నిండుగా ఉన్నాయా? రెండంగుళాల దాకా కాల్చిన తోకలా, సగంలో వదిలేసినవా? మధ్యకు కోసి చూసిన ప్లేట్లు, వంచి చూసిన ముక్కలు ఉన్నాయా? వంచిన ముక్క ఉందంటే అక్కడ సారు పిల్లవాడి అతుకును పరీక్షించి, ఎక్కడ విరిగిందో చూపించాడని అర్థం. పైపు ముక్కలు కనబడ్డాయంటే ఆ పిల్లలు ప్లేటు దాటి పైపు దాకా పోయారు. అన్నీ పైనుంచి కిందికి చూస్తూ బల్ల మీద కొట్టిన అతుకులే అయితే, గోడ మీద, నెత్తి మీద అతకడం వాళ్లకు నేర్పలేదు. 7018 రకం రాడ్లను వాడేముందు ఓవెన్‌లో వేడి చేస్తున్నారా లేక తేమ పట్టిన డబ్బా నుంచి నేరుగా తీసి ఇస్తున్నారా అని కూడా అడగాలి. ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబిచ్చే సారు దొరికితే, ఇంటికి పది కిలోమీటర్లు దూరమైనా అక్కడే వేయమంటాను.

పదో తరగతి తర్వాత వేరే దారులూ ఉన్నాయి. వాటి గురించి అడిగితే నా అభిప్రాయం దాచుకోను. వొకేషనల్ ఇంటర్ మంచిదే, బ్రిడ్జి కోర్సు రాస్తే ఇంజనీరింగ్ వైపు పోవచ్చు, కానీ వెల్డర్ కావాలనుకునేవాడికి అది చుట్టుదారి. ఫిట్టర్ ట్రేడ్ రెండేళ్లు, పదో తరగతి పాస్ కావాలి. డ్రాయింగ్, కొలతలు గట్టిగా వస్తాయి, తర్వాత ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే వీలుంటుంది. ఇంకా చదవాలన్న ఆశ ఉన్న పిల్లవాడికి నేను ఫిట్టరే చెప్తాను. కానీ చేయి మంచిదై, త్వరగా సంపాదన కావలసిన ఇల్లయితే వెల్డర్ ట్రేడ్ ఏడాది, ఆ పైన ఏడాది అప్రెంటిస్‌షిప్. రెండూ కలిపితే ఇంటర్‌కు పట్టే కాలమే. సింగరేణి అప్రెంటిస్ నోటిఫికేషన్లలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్‌తో పాటు వెల్డర్ ట్రేడ్ కూడా ఉంటుంది. అప్రెంటిస్‌షిప్ లేని వెల్డర్ సర్టిఫికెట్‌ను నేను సగం చదువుగానే లెక్కిస్తాను.

ఎనిమిదితోనే ఐటీఐలో చేరవచ్చు కదా అని పదో తరగతి మధ్యలో మాన్పించేవాళ్లు ఉన్నారు. వాళ్లకు గట్టిగా చెప్పవలసింది ఒకటి ఉంది. మన జిల్లా నుంచి, పక్కన జగిత్యాల, నిర్మల్ నుంచి గల్ఫ్ పోయేవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. పదో తరగతి పాసైనవాడికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కరలేని పాస్‌పోర్టు వస్తుంది. పాస్ కానివాడు సౌదీ, ఖతర్, కువైట్ వంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ క్లియరెన్స్ తీసుకోవాలి. ఆ క్లియరెన్స్ పేరు చెప్పి విజిట్ వీసా మీద పంపే దళారులు పుట్టుకొస్తారు. చట్టప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోవలసిన రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి కాదు. మన ఊళ్లలో అప్పు చేసి కట్టే మొత్తాలు దీనికి ఎన్ని రెట్లుంటాయో ఏ గల్ఫ్ కుటుంబాన్ని అడిగినా చెప్తుంది. విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉందని కూడా చాలామందికి తెలియదు. ఈ సంగతులు ఐటీఐ మొదటి నెలలోనే పిల్లలకు చెప్పించాలి, వీసా వచ్చాక కాదు.

సర్టిఫికెట్ చేతికి వచ్చినా పని అయిపోదు. గల్ఫ్ కంపెనీ అయినా, ఇక్కడి పవర్ ప్లాంట్ అయినా గేటు దగ్గర టెస్టు పెడతారు. పైపును 45 డిగ్రీల వాలుగా బిగించి, తిప్పకుండా చుట్టూ అతకమంటారు. దాన్నే సిక్స్‌జీ అంటారు. రూట్ ఆర్గాన్‌తో, పైన 7018తో. బాయిలర్ పనికైతే 1950 నాటి ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్ ప్రకారం వెల్డర్‌కు విడిగా అర్హత పరీక్ష ఉంటుంది, ఐటీఐ కాగితం ఒక్కటే చాలదు. ఈ పరీక్షకు తయారయ్యే ఖర్చు పేద ఇంటికి భారమే. ఆర్గాన్ సిలిండరు, పైపు ముక్కలు, ఎక్స్‌రే అన్నీ డబ్బే. మన ఐటీఐలు సాయంత్రాలు ఖాళీగానే ఉంటాయి. పాసై పోయిన పిల్లలకు ఆ బూత్‌లు సాయంత్రం పూట తెరిచి, పైపులు ఇప్పించి, బాయిలర్ ఇన్‌స్పెక్టర్‌తో ఇక్కడే పరీక్ష పెట్టించగలిగితే, ఆ షట్‌డౌన్ కూలి మన ఇండ్లకు వస్తుంది.

రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్ 18న మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. రెండువేల మూడువందల కోట్లకు పైగా ఖర్చు. రోబోలు, సీఎన్‌సీ, ఎలక్ట్రిక్ బండ్ల కోర్సులు వస్తున్నాయి. నాకు సంతోషమే. రోబో వెల్డింగ్ చేస్తుంటే ఇక మనిషి ఎందుకని కొందరు పిల్లలు అడుగుతున్నారు. ఫ్యాక్టరీలో వేలకొద్దీ ఒకే తీరు అతుకులను రోబో చేస్తుంది, మనకన్నా బాగా చేస్తుంది. కానీ దానికి కరెంటు ఎంత, వేగం ఎంత అని నేర్పేది వెల్డింగ్ తెలిసినవాడే. పాత బాయిలర్ లోపల అద్దం పెట్టుకొని అతికే చోటికి రోబో రాదు. కొత్త సెంటర్ల హడావుడిలో పాత వెల్డింగ్ షాపులకు రాడ్ల బడ్జెట్ తగ్గకుండా చూడమని మాత్రం కోరుతున్నాను.

ఆరోగ్యం గురించి చెప్పకుండా పిల్లవాణ్ని ఈ పనికి రమ్మనడం పాపం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. జింకు పూత ఉన్న ఇనుము అతికిన రాత్రి చలిజ్వరం వస్తుంది, మర్నాటికి తగ్గుతుంది, మళ్లీ అదే పని చేస్తాం. నల్ల అద్దం లేకుండా ఆర్క్ చూసిన పిల్లవాడికి అర్ధరాత్రి కళ్లల్లో ఇసుక పోసినట్టు మంట. మన ఎండాకాలంలో తోలు ఏప్రాన్, గ్లౌజులు వేసుకొని నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే పిల్లలు తీసి పక్కన పడేస్తారు. పొగ లాగే ఫ్యాన్లు, గాలి ఆడే షెడ్డు, చల్లటి నీళ్లు ఉంటే వేసుకుంటారు. కాబట్టి ఐటీఐ చూడబోయే తల్లిదండ్రులకు నేను చెప్పే రెండో మాట: పొగ ఎటు పోతుందో చూడండి. పిల్లల మొహం మీదుగా పోతుంటే ఆ చోటు వద్దు.

ఆడపిల్లల సంగతి కూడా అడుగుతున్నాను. ఆర్గాన్ పనికి బలం కన్నా నిలకడ కావాలి. ఇష్టం ఉన్న ఆడపిల్లను వెల్డర్ ట్రేడ్‌లో చేర్చుకుంటారు, నియమాలేవీ అడ్డు లేవు. కానీ బాత్రూం లేని వర్క్‌షాపులోకి, వదులు చున్నీతో బూత్‌లోకి ఏ తల్లి పంపుతుంది? ఒక్క ఐటీఐలోనైనా ఆడపిల్లలకు సరిపోయే కోటు, షూ, వేరే గది ఏర్పాటు చేసి చూడండి.

ఇక నా విన్నపం. మీ అధికారంలో ఉన్నదే అడుగుతున్నాను. అడ్మిషన్లకు ఆప్షన్లు పెట్టుకునే ముందు రెండు రోజులు జిల్లాలోని అన్ని ఐటీఐల వర్క్‌షాపులు, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, పదో తరగతి పిల్లలకు, తల్లిదండ్రులకు తెరిచి ఉంచాలని ఉత్తర్వు ఇవ్వండి. ఆ రెండు రోజులూ మెషీన్లు నడవాలి, ఇప్పుడు చదువుతున్న పిల్లలు వాళ్ల కళ్ల ముందు అతకాలి. గేటు పక్కన ఒక బోర్డు మీద నాలుగు సంగతులు రాయించండి. పనిచేసే బూత్‌లు ఎన్ని. కిందటి ఏడాది కాల్చిన రాడ్లు ఎన్ని కిలోలు. ట్రేడ్ పరీక్ష ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు. పాసైనవాళ్లలో అప్రెంటిస్‌షిప్‌కు ఎక్కడికి ఎంతమంది పోయారు. రాడ్ల కొనుగోలు లెక్క స్టోర్ రిజిస్టర్‌లోనే ఉంటుంది, కొత్తగా సర్వే చేయనక్కరలేదు. హైస్కూలు హెడ్మాస్టర్లు పిల్లలను తీసుకుపోయేలా డీఈవో గారికి ఒక మాట చెప్పండి.

బోర్డు మీద తక్కువ అంకె రాయవలసి వచ్చిన ఐటీఐని శిక్షించమని నేను అడగడం లేదు. ఆ అంకె ఎందుకు తక్కువో వాళ్లకే బాగా తెలుసు. ఎక్కడో ఇన్‌స్ట్రక్టర్ పోస్టు ఖాళీ, ఎక్కడో ట్రాన్స్‌ఫార్మర్ చాలదు, ఎక్కడో రాడ్ల బిల్లు పాస్ కాలేదు. బోర్డు పెడితే ఆ కారణం మీ టేబుల్ మీదకు వస్తుంది. ఇప్పుడది పిల్లవాడు టెస్టులో ఫెయిలై ఇంటికి వచ్చిన రోజున బయటపడుతోంది, ఆ రోజు కూడా వాడి చేయి మంచిది కాదనే అంటున్నారు.

ఆ రెండు రోజులూ వచ్చి నిలబడటానికి నాలాంటి పాత వెల్డర్లు ఈ పట్టణంలో చాలామంది ఉన్నారు. సింగరేణి వర్క్‌షాపుల్లో రిటైరైనవాళ్లు, సౌదీ నుంచి తిరిగి వచ్చినవాళ్లు. మాకు డబ్బు అక్కరలేదు. ఏ అతుకు మంచిదో, ఏది కాదో, ఎందుకు కాదో వచ్చినవాళ్లకు చూపిస్తాం. వర్షాకాలం అడ్మిషన్లలోగా మీ ఉత్తర్వు వస్తే ఈ ఏడాది పదో తరగతి పాసైన పిల్లలకే అది అక్కరకొస్తుంది.

ఇట్లు,
మంచిర్యాల నుంచి ఒక రిటైర్డ్ హైప్రెషర్ వెల్డర్